పేడ తొట్టిలో మరిగే నీళ్ళు పోయమని ఎవరు చెప్పారు?

సంపాదకులకు నమస్కారం.

రెండు వారాల క్రితం ఆదివారం మీ సైన్స్ పేజీలో 'మరిగే నీటిలో బతికే బ్యాక్టీరియాతో ఇంటింటికీ గ్యాస్' అని ఒక వార్త వేశారు. మామూలుగా అయితే చదివి నవ్వుకుని పక్కన పడేసేవాణ్ణి, ముప్పై ఏళ్ళు ఇంటర్ పిల్లలకి బోటనీ చెప్పినవాడికి ఇలాంటివి అలవాటే. కానీ మొన్న బుధవారం పొద్దున్నే మా వీధి చివర నాలుగు గేదెలున్న రైతు ఫోన్ చేసి, "మాస్టారూ, గోబర్ గ్యాస్ సరిగా రావట్లేదు, ఒకసారి వచ్చి చూస్తారా" అన్నాడు. ఏమయిందయ్యా, పండగ ముందు దాకా బానే వచ్చింది కదా అంటే కాసేపు నీళ్ళు నమిలాడు. తర్వాత మెల్లగా, "మీరు తెప్పించే పేపర్లోనే రాశారు కదండీ, ఆ పురుగులకి వేడి కావాలని, అందుకే పది రోజుల్నించి రోజూ రెండు కాగులు మరగబెట్టి తొట్టిలో పోస్తున్నా" అని చెప్పాడు.

వెళ్ళి చూశాను. బయటికి వచ్చే గుంతలో స్లర్రీ, అంటే మాగిన పేడనీళ్ళు, పల్చటి మజ్జిగలా ఉంది, అది ఎప్పుడూ దోసెల పిండిలా కదలాలి. బాగా మాగిన స్లర్రీకి పేడ వాసన పెద్దగా ఉండదు, ఇదేమో పచ్చిపేడ కంపు కొడుతోంది. వంటింట్లోకి వెళ్ళి స్టవ్ తిప్పితే బర్నర్ చుట్టూ బఠాణీ గింజలంత మంట, అదీ వెలుగుతూ ఆరిపోతూ ఉంది. ఇంతకీ నీళ్ళు దేనిమీద కాచావయ్యా అని అడిగాను. "ఇంకెక్కడ మాస్టారూ, దీనిమీదే" అని ఆ స్టవ్వే చూపించాడు.

మీకు నవ్వు రావచ్చు. నాకూ వచ్చింది, కానీ ఆయన ముందు నవ్వలేదు. ఇంటికొచ్చి కాగితం మీద లెక్క వేశాను. ఆయనది 2 ఘనమీటర్ల దీనబంధు మోడల్, నేలలో పూడ్చిన ఇటుక డోమ్. రోజుకి 50 కిలోల పేడ, దానికి సమానంగా నీళ్ళు, లోపల సుమారు 40 రోజులు నిలవ ఉండేలా కడతారు, అంటే ఎప్పుడు చూసినా లోపల ఒక 4 టన్నుల స్లర్రీ ఉంటుంది. రెండు కాగులంటే 60 లీటర్లు అనుకుందాం, మోసుకెళ్ళి పోసేసరికి ఒక 90 డిగ్రీలు. ఆ నాలుగు టన్నుల మీద ఈ నీళ్ళ ప్రభావం ఎంతో తెలుసా? ఒక్క డిగ్రీ! అదీ పూర్తిగా కాదు, ఆ ఒక్కటి కూడా తెల్లారేసరికి చుట్టూ ఉన్న మట్టి లాగేసుకుంటుంది. ఆ 60 లీటర్లు కాగడానికి మాత్రం రోజంతా వచ్చే 2 ఘనమీటర్ల గ్యాస్‌లో సగానికి పైగా ఖర్చయిపోతుంది, చలికాలం అసలే తక్కువ వస్తుంది కాబట్టి ఇంకా ఎక్కువే. ఇంకో నష్టం ఏమిటంటే రోజూ వెళ్ళే 100 లీటర్లకి ఈ 60 కలిస్తే 40 రోజులు ఉండాల్సిన పేడ 25 రోజులకే బయటికి తోసుకొచ్చేస్తుంది, దాంతోపాటు మెల్లగా పెరిగే ఆ సూక్ష్మజీవులు కూడా కొట్టుకుపోతాయి. పచ్చిపేడ కంపు అందుకే.

రైతు తప్పు ఏమీ లేదు. పేపర్లో రాసిందాన్ని నమ్మాడు, అంతే. ఆ వార్త రాసినాయన మూడు వేరువేరు సంగతుల్ని ఒకే గంగాళంలో వేసి కలిపేశారు, సముద్రం అడుగున ఉండేవి, పేడ గుంతలో ఉండేవి, డెన్మార్క్‌లో కరెంటుతో చేసింది. పైగా వాటన్నిటికీ కలిపి బ్యాక్టీరియా అని పేరు పెట్టారు. ఈ చివరిదానితోనే మొదలుపెడతాను, ఎందుకంటే అది చిన్న తప్పులా కనిపిస్తుంది కానీ కాదు.

గోబర్ గ్యాస్‌లో మండేది మీథేన్, దాన్ని తయారుచేసే ఈ జీవులు బ్యాక్టీరియా కావు. వీటిని ఆర్కియా అంటారు. ఈ సంగతి బయటపడింది కూడా సరిగ్గా ఈ వేడిని ఇష్టపడే మీథేన్ జీవి వల్లే. అమెరికాలో ఇల్లినాయ్ యూనివర్సిటీ ఉన్న అర్బానా ఊళ్ళో మురుగునీటి ప్లాంట్ బురదలోంచి 1972లో జైకస్, రాల్ఫ్ వుల్ఫ్ అనే ఇద్దరు ఒక సూక్ష్మజీవిని వేరుచేశారు. ఊరి మురుగులో దొరికింది కానీ దానికి 65, 70 డిగ్రీల వేడి ఉంటేనే హాయి. గాలి సోకితే మటాష్. అందుకని దాన్ని బిగుతుగా మూత వేసిన గాజు సీసాల్లో, లోపల హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్ ఒత్తిడితో నింపి పెంచేవాళ్ళు. అదే యూనివర్సిటీలో కార్ల్ వోస్ అనే ఆయన అప్పటికి ఏళ్ళ తరబడి ఒకటే పని చేస్తున్నాడు, కణంలో ప్రొటీన్లు తయారుచేసే రైబోజోముల్లోని ఒక ఆర్‌ఎన్‌ఏని ముక్కలు చేసి, ఆ ముక్కల మచ్చలు ఎక్స్‌రే ఫిల్మ్ మీద పడితే, లైటు మీద ఆ ఫిల్ములు పరుచుకుని ఏ జీవి దేనికి చుట్టమో చూసుకోవడం. పక్కింటివాళ్ళు చూస్తే పిచ్చాడనుకునే పని. వుల్ఫ్ ఇచ్చిన ఈ మీథేన్ జీవి ఫిల్ము చూస్తే అన్ని బ్యాక్టీరియాల్లో తప్పకుండా ఉండే మచ్చలు ఇందులో కనపడలేదు. మళ్ళీ చేశాడు, మళ్ళీ లేవు. 1977లో వోస్, జార్జ్ ఫాక్స్ కలిసి ప్రకటించారు, ఇవి బ్యాక్టీరియా కాదు, మొక్కలూ జంతువుల వైపూ కాదు, జీవవృక్షానికి మూడో కొమ్మ అని.

అప్పట్లో పెద్దపెద్దవాళ్ళు ఒప్పుకోలేదు. న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో వార్త వచ్చాక వుల్ఫ్‌కి చీవాట్లు పెడుతూ ఫోన్లు వచ్చాయట. మొదట్లో వోస్ కూడా వీటిని ఆర్కీబ్యాక్టీరియా అనే అన్నాడు, 1990లో ఆ బ్యాక్టీరియా తోక తీసేసి ఆర్కియా అని ఖరారు చేశారు. నిజం చెప్పాలంటే నేనూ చాలా ఏళ్ళు వీటిని మొనీరా అనే బ్యాక్టీరియాల వర్గంలో కలిపేసి 'ఆర్కీబ్యాక్టీరియా, రెండు మార్కులు' అని చెప్పినవాణ్ణే, కాబట్టి మీ విలేకరిని మరీ కోప్పడటం లేదు. ఆ అర్బానా జీవి పేరు ఇప్పుడు మెథనోథెర్మోబ్యాక్టర్, పేరులోనే బ్యాక్టర్ ఉంది కదా అని మీ డెస్క్‌లో ఎవరైనా అడగొచ్చు. పెళ్ళయ్యాక కూడా రేషన్ కార్డులో పుట్టింటి ఇంటిపేరు మిగిలిపోయినట్టు అనుకోండి.

పేరు ఏదైతే రైతుకేం అంటారేమో. తేడా ఉంది. గేదెకి పొదుగు వాపు వస్తే పెన్సిలిన్ లాంటి యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు వేయిస్తాం. పెన్సిలిన్ పనిచేసేది బ్యాక్టీరియా కణం చుట్టూ ఉండే ఒకరకం గోడ కట్టుకోకుండా ఆపడం ద్వారా. ఆర్కియాకి ఆ గోడే లేదు, కాబట్టి వాటికి పెన్సిలిన్ వల్ల ఏమీ కాదు. కానీ గుంతలో ఆర్కియా ఒక్కటే పనిచేయదు. పేడలో ఉన్న పీచూ పిండీ ముందు బ్యాక్టీరియా విరగ్గొట్టాలి, దాన్ని ఇంకొన్ని బ్యాక్టీరియాలు ఆమ్లాలుగా మార్చాలి, చివరికి వెనిగర్‌లో ఉండే ఆమ్లం, హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్ మిగిలితే అప్పుడు ఆర్కియా వచ్చి మీథేన్ చేస్తుంది. మీరు రాసినట్టు అవి 'పేడను తిని' గ్యాస్ ఇవ్వవు, పేడ వాటి నోటికి అందే వస్తువే కాదు. మందు వేసిన పశువు పేడ ఎక్కువగా వేస్తే ముందు వరసలో ఉన్న బ్యాక్టీరియా దెబ్బతింటుంది, వెనకున్నవాటికి మేత ఆగిపోతుంది, గ్యాస్ తగ్గుతుంది. అందుకే మందు వాడే రోజుల్లో ఆ గేదె పేడ విడిగా పెంటకుప్పలో వేయమని మా ఊళ్ళో అందరికీ చెబుతుంటాను. ఎవరు బ్యాక్టీరియా, ఎవరు కాదు అని తెలిస్తేనే ఈ మాట అర్థమవుతుంది.

తెలుగునాట రైతులకి ఈ జీవులు కొత్తవేం కావు, పేరు తెలియదంతే. వారాల తరబడి నీళ్ళు నిలిచిన వరిమడిలో దిగితే కాలి చుట్టూ బుడబుడమని బుడగలు వస్తాయి చూడండి, అందులో కొంత వీటి పనే. 1776లో ఇటలీలో వోల్టా అనే ఆయన, అదే బ్యాటరీ చేసినాయన, మజోరే సరస్సు ఒడ్డున బురద కర్రతో కలిపి పైకొచ్చిన బుడగలు సీసాలో పట్టి మంట పెట్టి చూశాడు. గేదె కడుపులోనూ ఇవే ఉంటాయి, అక్కడ 39 డిగ్రీల వేడి ఎప్పుడూ ఉంటుంది, ఆ మీథేన్ ఎక్కువగా త్రేన్పుల్లో నోట్లోంచే బయటికి వస్తుంది, అందరూ అనుకునేట్టు వెనకనుంచి కాదు. గోబర్ గ్యాస్ గుంతకి మొదటి విత్తనం పేడతోపాటు ఆ పొట్టలోంచే వస్తుంది. కాబట్టి మన గుంతలో ఉండేవి 35 డిగ్రీల అటూ ఇటూ బతకడానికి అలవాటుపడ్డవి. వాటికి ఎండాకాలం పండగ, ధనుర్మాసం నీరసం.

ఇక మీరు రాసిన మరిగే నీటి జీవులు వేరే. అవి నిజంగానే ఉన్నాయి, అవంటే నాకు ఎంత ఇష్టమో చెప్పలేను. 1982లో ఆల్విన్ అనే చిన్న జలాంతర్గామి పసిఫిక్ అడుగున 2600 మీటర్ల లోతులో వేడినీళ్ళు చిమ్మే ఒక గొట్టం దగ్గర తీసిన మట్టిలోంచి ఒకటి దొరికింది, దానికి 85 డిగ్రీలు ఉంటే ప్రాణం లేచొస్తుంది. 1996లో దాని జన్యువులన్నీ చదివితే, ఆర్కియాలో అలా చదివిన మొట్టమొదటిది అదే, సగానికి పైగా జన్యువులు అప్పటిదాకా ఎక్కడా చూడనివి. దానికంటే మొండిది మెథనోపైరస్. ఈ జాతిలో ఒకదాన్ని జపాన్ వాళ్ళు మన హిందూ మహాసముద్రంలోనే, మారిషస్‌కి ఆగ్నేయంగా కైరే అనే చోట, అడుగున ఉన్న వేడి ఊటలోంచి పట్టుకొచ్చి 2008లో లోకానికి చెప్పారు, బయటి గాలి ఒత్తిడికి 200 రెట్లు పెట్టి పెంచితే 122 డిగ్రీల్లో కూడా పిల్లల్ని పెట్టింది! మా కాలేజీ ల్యాబ్‌లో ఆటోక్లేవ్ అని పెద్ద ప్రెషర్ కుక్కర్ లాంటిది ఉండేది, 121 డిగ్రీల్లో 15 నిమిషాలు ఉంచితే ఇక అందులో ఏదీ బతకదు అని ఏటా పిల్లలకి గంభీరంగా చెప్పేవాణ్ణి. ఆ మాట ఇప్పుడు తల్చుకుంటే కొంచెం సిగ్గేస్తుంది.

కానీ ఇక్కడే మీ వార్త రైతుని ముంచింది. వేడిని ఇష్టపడేది అంటే వేడి పోస్తే చురుకయ్యేది అని కాదు, ఆ వేడి లేకపోతే అసలు కదలనిది అని. మెథనోపైరస్ 80 డిగ్రీల కిందకి దిగితే పెరగనే పెరగదు, మండువేసవిలో మన గుంత కూడా దానికి ఐస్ బాక్సే. మన గుంతలో ఉన్నవాటిని తీసుకెళ్ళి 80 డిగ్రీల్లో పెడితే చచ్చి ఊరుకుంటాయి. ఒకదాన్ని బతికించే వేడి ఇంకోదానికి చావు, మధ్యలో బేరం లేదు.

50, 55 డిగ్రీల్లో నడిపే బయోగ్యాస్ ప్లాంట్లు ఉన్న మాట నిజమే. అక్కడ పని త్వరగా అవుతుంది, 40 రోజుల పని సుమారుగా సగం రోజుల్లో అయిపోతుంది, రోగక్రిములు కూడా బాగా చస్తాయి. అయితే ఆ ప్లాంట్లకి చుట్టూ వేడి పోకుండా మందపాటి కవచం ఉంటుంది, గ్యాస్‌తో నడిచే ఇంజన్ వేడిని వేస్ట్ కానివ్వకుండా పైపుల్లో తిప్పి లోపలికి ఇస్తారు, థర్మామీటర్ చూసుకుంటూ మనిషి ఉంటాడు, ఎందుకంటే ఆ వేడి రెండు మూడు డిగ్రీలు అటూ ఇటూ అయినా ఆ గుంపు అలిగి కూర్చుంటుంది. మామూలు గుంతని ఆ స్థాయికి తేవాలంటే కొత్త గుంపు పెరిగేదాకా వారాలు పడుతుంది. పేడ గుంతకి ఇటుకల డోమ్ మాత్రమే ఉన్న ఇంట్లో ఇది అయ్యే పని కాదు, అవసరం కూడా లేదు.

మరి డెన్మార్క్ సంగతి? అది మీ వార్తలో అన్నిటికంటే మంచి విషయం, దాన్నే మూడు లైన్లలో ముగించేశారు, నాకు అదే బాధ. కోపెన్‌హాగెన్ దగ్గర అవెడోరే అనే చోట మురుగునీటి శుద్ధి కేంద్రంలో 2016లో 1 మెగావాట్ ప్లాంట్ ఒకటి నడిపారు. గాలిమరల కరెంటు ఎక్కువైపోయి ఏం చేయాలో తెలియని వేళల్లో ఆ కరెంటుతో నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీస్తారు. బయోగ్యాస్‌లో ఎలాగూ ఒక 40 శాతం దాకా మండని కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. ఆ రెండిటినీ కలిపి 60 డిగ్రీల పైన వెచ్చగా ఉంచిన ట్యాంకులోకి పంపిస్తే, ఇందాక చెప్పిన ఆ అర్బానా మురుగు జీవి కుటుంబానికి చెందినదే ఒకటి, నాలుగు పాళ్ళ హైడ్రోజన్‌కి ఒక పాలు కార్బన్ డయాక్సైడ్ తీసుకుని ఒక పాలు మీథేన్, కాస్త నీళ్ళు ఇస్తుంది. అంటే 5 లీటర్లు లోపలికి పోతే ఒక లీటర్ గ్యాస్ అయి బయటికొస్తుంది, ఆ క్రమంలో అది తనంతట తనే వేడి పుట్టిస్తుంది కూడా. గాలి వీచినప్పటి కరెంటుని దాచుకుని మామూలు గ్యాస్ పైపుల్లో పంపేయొచ్చు. ఇందులో ఎక్కడా పేడకి వేడినీళ్ళు పోయడం లేదు. మన దగ్గర హైదరాబాద్ బోయినపల్లి మార్కెట్‌లో రోజుకి 10 టన్నుల కూరగాయల చెత్తతో కరెంటు తీస్తున్నారని 2021లో ప్రధాని మన్ కీ బాత్‌లో కూడా చెప్పారు, మీరే అప్పుడు ఫొటోలు వేశారు. ఆ ప్లాంట్‌కి మీ విలేకరిని ఒక పూట పంపి, లోపల ఏ వరసలో ఏం జరుగుతుందో చూసి రాయమంటే ఎంత బాగుండేది.

ఫొటో గురించి కూడా ఒక మాట. అమెరికా ఎల్లోస్టోన్‌లో నీలం మధ్యలో చుట్టూ నారింజ రంగుతో ఉండే వేడినీటి గుండం ఫొటో వేసి, కింద 'మీథేన్ బ్యాక్టీరియా' అని రాశారు. ఆ నారింజ, పసుపు రంగులు ఎండలో బతికే వేరే సూక్ష్మజీవులవి, అక్కడ ఉండేవాటిలో నిజమైన బ్యాక్టీరియా చాలా ఉన్నాయి. మొత్తం పేజీలో బ్యాక్టీరియా అన్న మాట కరెక్టుగా పడింది అక్కడొక్కచోటే, అది కూడా పక్కన మీథేన్ అని చేర్చి చెడగొట్టారు.

మా రైతుకి చెప్పింది ఇంతే. కాగులు తీసి పక్కన పెట్టు. పొద్దున్నే వెచ్చగా ఉన్న పేడనే ఎప్పటికప్పుడు కలుపు, బావినీళ్ళు డ్రమ్ములో పట్టి మధ్యాహ్నం దాకా ఎండలో ఉంచి అవి వాడు, నీళ్ళు పేడకి మించకూడదు. డోమ్ మీద వరిగడ్డి మందంగా పరిచి పైన పట్టా కప్పు, సాయంత్రం ఐదు తర్వాత వేడి పోకుండా ఉంటుంది. గ్యాస్ మళ్ళీ గాడిలో పడటానికి కొన్ని వారాలు పట్టొచ్చు, ఈలోగా సిలిండర్ వాడుకో అన్నాను. ఆయన తల ఊపి, "మరి పేపర్లో ఎందుకు రాశారు మాస్టారూ" అన్నాడు. ఆ ప్రశ్న మీకు పంపిస్తున్నాను.

సవరణ వేయదలిస్తే అదే సైన్స్ పేజీలో, ఆ వార్తకి పెట్టినంత పెద్ద హెడ్డింగుతోనే వేయండి. జాగా చాలకపోతే ఆర్కియా, వోస్, హిందూ మహాసముద్రం అన్నీ తీసేయండి, గోబర్ గ్యాస్ తొట్టిలో మరిగే నీళ్ళు పోయొద్దన్న ఒక్క లైను ఉంచండి. ఊళ్ళో ఇంకో ఇద్దరు కాగులు కడిగి పెట్టుకున్నారని నిన్న తెలిసింది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ బోటనీ లెక్చరర్,
తెనాలి దగ్గర పల్లె